ఆరు వందల గజాలలోపు ఇళ్లు ఎవరి లెక్కలోనివి?

సంపాదకులు గారికి నమస్కారం.

మహబూబ్‌నగర్‌లో ముప్ఫై ఏళ్లుగా ఇళ్ల ప్లాన్లు గీసి, వాటికి అనుమతులు తెప్పించి బతుకుతున్నవాణ్ని. కరెంటూ నీళ్లూ పొదుపు చేసే హరిత భవనాలకు ఇచ్చే సర్టిఫికెట్ల గురించి ఈ మధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. అందులో హైదరాబాద్ ఐటీ కారిడార్ దాటి ఒక్క వాక్యమైనా బయటికి రాకపోవడంతో ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ఈ విషయంలో మన రాష్ట్రానికి ఉన్న పేరును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2001లో ఏర్పడిన ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్‌కు ప్రధాన కేంద్రం హైదరాబాదే. అక్కడి సోరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2003లో అమెరికా వెలుపల, హరిత భవనాలకిచ్చే లీడ్ రేటింగుల్లో అన్నిటికంటే పైదైన ప్లాటినం పొందిన తొలి భవనంగా నిలిచింది. మరుసటి ఏడాది అబ్దుల్ కలాం గారు దాన్ని ప్రారంభించారు. అంతెందుకు, పాత నల్లగొండ జిల్లాలోని యాదగిరిగుట్ట ఆలయానికి 2022లో అదే కౌన్సిల్ హరిత ప్రార్థనా స్థలంగా గుర్తింపు ఇచ్చింది. స్వామివారి గుడికి దక్కిన గుర్తింపు మనందరికీ సంతోషమే. అయితే దర్శనం చేసుకుని ఇంటికి తిరిగి వచ్చిన భక్తుడు ఏప్రిల్ రాత్రి ఏ కప్పు కింద పడుకుంటున్నాడన్న ప్రశ్నకు ఈ గుర్తింపుల్లో దేనిలోనూ జవాబు లేదు.

లేకపోవడానికి కారణం నిబంధనల్లోనే ఉంది. 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు ఎండను తిప్పికొట్టే కప్పును తప్పనిసరి చేసింది. నివాసాల విషయానికి వచ్చేసరికి 600 గజాలు, ఆపైన స్థలం ఉన్నవాటికే ఆ నిబంధన, మిగతావారికి ఇష్టమైతేనే. ఇళ్లలో ఇంధన పొదుపు కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే కోడ్ కూడా 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న ప్లాట్లలోని ఇళ్లనే ఉద్దేశించింది. 500 చదరపు మీటర్లంటే దాదాపు ఆ 600 గజాలే. వాణిజ్య భవనాల ఇంధన పొదుపు కోడ్ 100 కిలోవాట్ల లోడు నుంచి మొదలవుతుంది గనుక మా బజారులోని దుకాణాల్లో చాలా వాటికి అది అందదు. ఇక భవన అనుమతుల కోసం రాష్ట్రం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లలోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణతోనే అప్పటికప్పుడు అనుమతి వస్తుంది. జనానికి ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పించిన మంచి చట్టమది, నా వంటివారికీ ఎంతో సులువైంది. కానీ ఈ గీతలన్నీ ఒకే చోట పడడం వల్ల ఏ ఇంటికి అనుమతిచ్చే ముందు అధికారి వచ్చి చూడడో, సరిగ్గా ఆ ఇంటినే వేడి నుంచి కాపాడే నిబంధన కూడా వదిలేసింది. నేను ఇన్నేళ్లలో గీసిన ప్లాన్లలో 600 గజాలు దాటినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మా ఊరంతా 100, 150, 200 గజాల ఊరు.

నా ఇల్లూ 150 గజాలదే. పైఅంతస్తులో పడమటి వైపు రెండు గదులు పక్కపక్కనే ఉన్నాయి. నిరుడు శివరాత్రి దాటాక సున్నంలో ఫెవికాల్ కలిపి, స్లాబు కడిగి, నేనూ మా మేస్త్రీ కలిసి రెండు పూతలు వేయడం మొదలుపెట్టాం. సరుకు సరిపోక ఒక గది మీద పూర్తిగా పడింది, రెండో గది మీద సగం దగ్గరే ఆగిపోయింది. రేపు మాపు అంటూ వాయిదా వేస్తుండగానే ఎండలు ముదిరాయి. ఆ బద్ధకం వల్ల ఒక మేలు జరిగింది: ఒకే ఇంట్లో, ఒకే గోడకు అటూ ఇటూ తేడా కళ్లారా చూశాను. మధ్యాహ్నం రెండు గంటలకు వట్టి కాళ్లతో తెల్ల పూత మీదుగా నీళ్ల ట్యాంకు దాకా నడవగలిగాను. బూడిద రంగు సిమెంటు మీద నాలుగడుగులు వేయలేకపోయాను. రాత్రి పది దాటాక స్టూలెక్కి కప్పుకు అరచెయ్యి ఆనిస్తే పూత లేని గదిలో అప్పుడే దించిన పెనం మూతలా ఉంది. మా కోడలు ఎవరినీ అడగకుండానే పిల్లవాడి ఉయ్యాలను పక్క గదిలోకి మార్చుకుంది.

ఇందులో కిటుకేమీ లేదు. ఎకో నివాస్ సంహిత లెక్కలో, లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు కప్పులోని ఒక చదరపు మీటరు గుండా 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదు. పైన ఏ పొరా లేని ఐదంగుళాల కాంక్రీటు స్లాబు గుండా మూడు వాట్లకు పైనే దిగుతుంది. తెల్ల పూత ఈ అంకెను మార్చదు, ఎండను వెనక్కి కొట్టి స్లాబును అంతగా వేడెక్కనివ్వదు. ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించినప్పుడు చదరపు మీటరుకు దాదాపు 300 రూపాయలవుతుందని చెప్పింది, అంటే 100 చదరపు మీటర్ల స్లాబుకు 30 వేలు. సున్నం పూతకు అంత కాదు గాని, అది వానలకు పోతుంది, ఏటా వేసుకోవాలి. విరిగిన తెల్ల టైల్స్ ముక్కలు పరిచి సిమెంటుతో బిగిస్తే చాలా ఏళ్లు ఉంటుంది.

పాతకాలపు మా మట్టి మిద్దెలకు ఈ బాధ లేదు. దూలాల మీద దంతెలు పరిచి, ఆపైన మందంగా మట్టి వేసి, చౌడుతో అలికిన కప్పు సాయంత్రానికి గాని వేడిని లోపలికి పంపేది కాదు. మళ్లీ మిద్దెలు కట్టుకుందామని నేననను; ఏటా కప్పెక్కి చౌడు పోసే ఓపిక నాకే లేదు. కానీ ఊరూరా డ్యాములు కట్టి, హైదరాబాద్ టవర్లకు సెంట్రింగ్ కొట్టి వచ్చిన పాలమూరు కూలీ నాలుగు డబ్బులు దాచి సొంత ఊళ్లో వేసుకున్న స్లాబు కిందే అందరికంటే ఎక్కువ ఉడికిపోతున్నాడన్నది నన్ను కలచివేసే విషయం.

సర్టిఫికెట్ల గురించి కూడా ఒక మాట. హైదరాబాద్‌లో మా బంధువుల అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్కనే రేటింగ్ ఫలకం మెరుస్తూ ఉంటుంది, మురుగునీటి శుద్ధి ప్లాంటు మోటారు మాత్రం కరెంటు బిల్లు భయంతో ఆగి ఉంటుంది. నిర్మాణం పూర్తికాక ముందే డిజైన్ చూసి ఇచ్చే ప్రీ సర్టిఫికేషన్‌ను బిల్డర్లు బ్రోచరులో వేసుకుంటారు. కాపురాలు మొదలయ్యాక మూడేళ్లకు ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో, ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో అదే బ్రోచరులో వేయమంటే ఎవరు వేస్తారు?

ఇతరులను అనడానికి ముందు నా తప్పు నేను ఒప్పుకోవాలి. నేను గీసిన ప్రతి ప్లాన్‌లోనూ ఈశాన్యం మూలనో, పార్కింగ్ పక్కనో ఇంకుడు గుంత ఉంటుంది, లేకపోతే ఫైలు కదలదు. వాటిలో ఎన్ని తవ్వారని ఎవరైనా అడిగితే తల దించుకుంటాను. ఒక ఇంట్లో నేను గుంత చూపించిన చోట గ్రానైటు పరిచి తులసికోట కట్టారు. గృహప్రవేశం భోజనానికి కూర్చుని కూడా నేను నోరు మెదపలేదు.

అందుకే కొత్త సర్టిఫికెట్లు, కొత్త ఫీజులు మాకు వద్దు. ఎకో నివాస్ సంహితలోని ప్లాటు పరిమితిని రాష్ట్రాలు తగ్గించుకోవచ్చు గనుక, మొదట కప్పు వరకైనా దాన్ని 100 గజాల ఇంటి దాకా దించాలి. కట్టడం పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కోసం చిన్న ఇళ్లవారు అడగడం అరుదు, కానీ ఇంటి నంబరు కావాలని మాత్రం అందరూ వస్తారు. ఇంటి పన్ను వేయడానికి కొలతలకు వచ్చిన మున్సిపల్ సిబ్బంది మెట్లెక్కి స్లాబును, కింద గుంతను ఫొటో తీసి దరఖాస్తుకు జతచేస్తే చాలు. ఏప్రిల్‌లో పన్ను ముందుగా కట్టినవారికి ఇప్పటికే అయిదు శాతం రాయితీ ఇస్తున్నారు. తెల్ల కప్పు ఉన్న ఇంటికి మరో రెండు శాతం కలిపితే మా వీధిలో సగం స్లాబులు ఉగాదికే తెల్లబడతాయి. 2025లో నగరపాలక సంస్థ హోదా వచ్చిన మా ఊరు ఈ పనిని ఒక డివిజన్‌లో ప్రయోగంగా చేసి చూడవచ్చు. 2028–29 నాటికి హైదరాబాద్ బయట 100 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పు వేయిస్తామని ప్రభుత్వ విధానంలోనే రాసుకున్నారు. 600 గజాల ఇళ్లను మాత్రమే లెక్కపెడితే అంత కప్పు మా జిల్లాల్లో ఎక్కడ దొరుకుతుందో అధికారులు ఒకసారి తమ రికార్డులు తిరగేసి చెప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక భవన నిర్మాణ డ్రాఫ్ట్స్‌మన్,
మహబూబ్‌నగర్