వార్షిక నివేదిక 2024–25: చదవడంలో తడబడే పిల్లలతో మన ఆదివారాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, సంక్రాంతి వేడుకలు, కార్తిక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులను కోశాధికారి గారు సభలో చదివి వినిపిస్తారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు కె.ఆర్.పురం పఠన కేంద్రానికే ఇస్తున్నాను. బెంగళూరులో ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది అదేనని నా నమ్మకం.

అక్కడి పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది అనంతపురం, కర్నూలు వైపు నుంచి కట్టడం పనులకు వచ్చినవారు. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఇంగ్లీషు. 2024 జూన్‌లో 23 మందితో మొదలుపెట్టి, తరగతుల వారీగా కూర్చోబెట్టాం. అది మన పొరపాటు. మూడో తరగతి పాప ఒకతె కన్నడ వాచకం తెరిచి పాఠం గడగడా చదివేస్తే అందరం సంతోషించాం. పక్కన కూర్చున్న సభ్యురాలు మాత్రం పాప వేలిని గమనించారు. నోరు పేజీ చివరికి చేరింది, వేలు మూడో వరుసలోనే ఉంది. బొమ్మకు చెయ్యి అడ్డుపెట్టి, నడుమ ఒక్క మాట చూపించి చదవమంటే పాప తల దించుకుంది. పాఠమంతా కంఠస్థమే, అక్షరాలు మాత్రం రావు. తరగతిలో అందరితో గొంతు కలిపే పిల్ల విషయంలో ఈ సంగతి బయటపడదు.

ఇది ఆ ఒక్క పాప కష్టం కాదు. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసేందుకు ప్రథమ్ సంస్థ జరిపే అసర్ సర్వే ప్రకారం, 2024లో గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 27.1 శాతమే. నాలుగో తరగతి నుంచి లెక్కలైనా, పరిసరాల విజ్ఞానమైనా చదవడం వచ్చిన పిల్లలకే అందుతాయి.

ఆగస్టు నుంచి ఆ సర్వే పద్ధతినే పట్టుకున్నాం. ఒక్కొక్కరి చేత విడిగా చదివించి, అక్షరం, మాట, పేరా, కథ, ఎంతవరకు వస్తే అక్కడ కూర్చోబెట్టాం. నాలుగో తరగతి బాబు ఒకడు ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోవలసి వచ్చింది. అతను చిన్నబుచ్చుకోకూడదని, వాళ్లకు బొమ్మల కథ చెప్పే పని అతనికే అప్పగించాం.

కథను ముందు తెలుగులో వినిపించి, తర్వాత కన్నడలో చదివిస్తున్నాం. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో రెండు భాషల్లోనూ ఉన్న కథలు ఉచితంగా దొరుకుతాయి. గ, న, మ వంటి అక్షరాలు రెండు లిపుల్లోనూ దగ్గరగా ఉండడం కలిసివచ్చింది. చిక్కంతా ‘సూర్య’ వంటి మాటలతోనే. మనం ర కింద యవత్తు రాస్తాం. కన్నడలో య రాసి, దాని పక్కన రకారానికి గుర్తు పెడతారు. పిల్లలు ఆ గుర్తును వదిలేసి ‘సూయ’ అనేవారు. సభ్యుల్లో ఒక పెద్దాయన పాత తెలుగు పుస్తకం తెచ్చి, అర్కావత్తు అనే ఆ కన్నడ గుర్తు, పాత తెలుగులో రకారానికి పక్కన రాసిన మన వలపలగిలకేనని చూపించారు. ఆ వారమంతా పిల్లలు దుకాణాల బోర్డుల మీద ఆ గుర్తును వెతికి మరీ చదివారు.

మార్చి నాటికి 11 మంది కథ చదవగలుగుతున్నారు. ఏడుగురు మాటల దగ్గరే ఉన్నారు. ఐదుగురి కుటుంబాలు పని వెతుక్కుంటూ వేరే చోటికి వెళ్లిపోయాయి. ఆ పిల్లలు ఇప్పుడు ఏ బడిలో ఉన్నారో తెలియకపోవడం నన్ను బాధిస్తోంది. సంక్రాంతికి ఊరు వెళ్లిన పిల్లలు మూడు వారాల్లోనే చాలా మరిచిపోయి వచ్చారు. వచ్చే సెలవులకు ఒక్కొక్కరి సంచిలో రెండు కథల పుస్తకాలు పెట్టి పంపుతాం.

ఆ ఏడుగురిలో ఇద్దరికి ఎంత సాధన చేయించినా అక్షరాలు నిలవడం లేదు. ఇలాంటి అభ్యసన వైకల్యాన్ని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. వీరిది అదో కాదో నిపుణులే తేల్చాలి. అందుకు బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రికి తీసుకువెళ్లాలంటే తల్లికి ఒక రోజు కూలి పోతుంది. ఆ కూలి సంఘం ఇస్తుంది. వెంట వెళ్లి, కన్నడలో మాట్లాడి సాయపడేవారు కావాలి.

విరాళాలకు ఈసారి లోటు లేదు. ఒక్కో పిల్ల పక్కన పది నిమిషాలు కూర్చుని, చదువుతుంటే వినేవారే తక్కువగా ఉన్నారు. నెలకు రెండు ఆదివారాలు ఉదయం 10 నుంచి 12 వరకు రాగలిగినవారు సభ రోజున నాకు పేరు ఇవ్వండి. కన్నడ అక్షరాలు రాకపోయినా రండి, పిల్లలతో పాటు నేర్చుకోవచ్చు.

– కార్యదర్శి