స్లైడ్ చూడకుండా రక్తపరీక్ష రిపోర్టా?

సంపాదకుడు గారికి,

వానలు మొదలైతే విశాఖలో ఎవరి నోట విన్నా ప్లేట్‌లెట్ల లెక్కే. రక్తకణాలను లెక్కపెట్టే సీబీపీ పరీక్షలో అవి తగ్గాయంటే డెంగీ అనుకుంటాం. చాలామంది విషయంలో అది నిజమే, వారం పది రోజుల్లో కోలుకుంటారు కూడా. కానీ కొద్దిమందికి అసలు జబ్బు రక్త క్యాన్సర్. మొదటి రక్తపు చుక్కలోనే దొరకాల్సిన ఆనవాలు వాళ్లకు దొరక్కుండా పోతోంది.

ల్యాబుల్లో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని కనుక కారణం చెప్పగలను. మిషన్ కణాలను లెక్కపెడుతుంది, తేడా అనిపిస్తే హెచ్చరిక గుర్తు వేస్తుంది. అప్పుడు చుక్క రక్తం గాజు పలక (స్లైడ్) మీద పలచగా లాగి (దీన్నే స్మియర్ అంటారు), కణాలు కనిపించేలా లీష్మన్ స్టెయిన్ అనే రంగు వేసి, పాథాలజిస్టు మైక్రోస్కోపులో చూడాలి. దీనికి ఖరీదైన సరంజామా ఏమీ అక్కర్లేదు. అయినా రద్దీ ఎక్కువైన ల్యాబులో ముందుగా ఎగిరిపోయేది ఈ పనే. అంకెలు ప్రింటవుతాయి, కింద కంప్యూటర్ సంతకం పడుతుంది, అంతే.

ఏపీఎల్ అనే ల్యుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్) సంగతే తీసుకోండి. డెంగీలో లాగే ఇందులోనూ చాలాసార్లు తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు రెండూ పడిపోతాయి. డెంగీ ముదిరితే మామూలుగా రక్తం చిక్కబడుతుంది. ఏపీఎల్‌లో హిమోగ్లోబిన్ కూడా తగ్గుతుంది, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది. గుర్తించకపోతే మెదడులో రక్తస్రావమై రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. సమయానికి ఏట్రా, ఆర్సెనిక్ మందులు పడితే మాత్రం ఎక్కువమందికి పూర్తిగా నయమవుతుంది. అందుకే స్లైడ్‌లో అనుమానం రాగానే, జన్యుపరీక్ష ఫలితం కోసం ఆగకుండా, డాక్టర్లు ఏట్రా మొదలుపెడతారు. స్లైడే చూడకపోతే ఆ అనుమానం ఎవరికి వస్తుంది?

దీనికి రెండో వైపూ ఉంది. బీ12 లోపం ముదిరినా మూడు రకాల కణాలూ తగ్గుతాయి. ఇంటిల్లిపాదీ క్యాన్సరేమోనని టెన్షన్ పడుతుంటారు. స్లైడ్‌లో పెద్ద సైజు ఎర్ర కణాలు, కేంద్రకంలో ఎక్కువ తమ్మెలున్న న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల కణాలు) కనిపిస్తే, తర్వాత బీ12 పరీక్షతో తేలిపోతుంది. ఇంజెక్షన్లతో సరిపోయే జబ్బది.

స్లైడ్‌తోనే అంతా తెలిసిపోతుందని నేననడం లేదు. ల్యుకేమియా రకాలను విడదీయడానికి 1976లో వచ్చిన ఫ్యాబ్ వర్గీకరణ ప్రధానంగా కణాల రూపాన్ని బట్టి నడిచింది. ఇప్పుడు బోన్ మారో (ఎముక మజ్జ) పరీక్ష, కణాల మీది గుర్తులను లేజర్‌తో పట్టే ఫ్లో సైటోమెట్రీ, క్రోమోజోముల పరీక్ష కూడా కావాలి, ఎందుకంటే రకాన్ని బట్టే మందు. సీఎంఎల్ అనే నెమ్మదిగా ముదిరే ల్యుకేమియా అయితే చాలామంది రోజూ మాత్ర వేసుకుని ఏళ్ల తరబడి పనులు చేసుకుంటున్నారు. మరో రకానికి మూలకణ మార్పిడి దాకా వెళ్లాల్సి రావచ్చు. పైగా 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థది ఒకటి, ఐసీసీ అని అంతర్జాతీయ నిపుణులది మరొకటి, రెండు వర్గీకరణలు వచ్చాయి. బ్లాస్టులు (ఎదగని కణాలు) 10 నుంచి 19 శాతం మధ్య ఉన్న ఒకే మనిషి జబ్బుకు ఇవి వేర్వేరు పేర్లు పెట్టవచ్చు. రిపోర్టులో ఏది పాటించారో రాయకపోతే రెండో డాక్టరు దగ్గరికెళ్లిన రోగి అయోమయంలో పడతాడు.

ఇంకొకటి. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని స్లైడ్ చూడకముందే స్టెరాయిడ్ ఇచ్చేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్), ఏఎల్ఎల్ (మరో రకం ల్యుకేమియా) లాంటివైతే క్యాన్సర్ కణాలు తాత్కాలికంగా కరిగిపోయి జబ్బు దాక్కుంటుంది. ఇది మానాలి.

జిల్లా వైద్యారోగ్య శాఖకు నా విన్నపం: మిషన్ హెచ్చరించినా, రెండు రకాల కణాలు తగ్గినా, పాథాలజిస్టు స్లైడ్ చూసి, ఏం కనిపించిందో తన పేరుతో రాస్తేనే రిపోర్టు బయటికి రావాలని అన్ని ల్యాబులకూ ఆదేశమివ్వాలి. పాడేరు, అరకు వైపు పీహెచ్‌సీల కోసం అక్కడి అధికారులతో కలిసి ఒక ఏర్పాటు చేయాలి. ఫ్లో సైటోమెట్రీకి బతికున్న కణాలు కావాలి, నమూనా ఆలస్యమైతే పనికిరాదు. మిథనాల్‌తో ఫిక్స్ చేసిన స్లైడ్‌కు ఆ బాధ లేదు. దాన్ని బస్సులో పంపినా విశాఖలోని కేజీహెచ్ పెద్దాసుపత్రిలో చూడొచ్చు. ఈ లోపు పాఠకులు రిపోర్టు తీసుకునేటప్పుడు ‘స్మియర్ ఎవరు చూశారు?’ అని కౌంటర్ దగ్గరే అడగండి.

— ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, మర్రిపాలెం, విశాఖపట్నం