నగరం ఏం అడగాలో ముందు నగరమే తేల్చుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

శాసనసభ బడ్జెట్ సమావేశాలు దగ్గరపడిన ప్రతిసారీ చెన్నై తరఫున ఎవరికి తోచింది వారు అడుగుతూ ఉంటారు. శాసనసభ్యులు తమ నియోజకవర్గానికి వంతెన కావాలంటారు, కౌన్సిలర్లు తమ వార్డుకు సమాజ మందిరం కావాలంటారు, కాలనీ సంఘాలవారు మంత్రులను కలిసి వినతిపత్రాలు ఇచ్చి వస్తారు. వీటిలో ఏదీ తప్పు కాదు. అయితే 200 వార్డులున్న ఈ మహానగరం ఈ ఏడాది రాష్ట్రాన్ని అన్నిటికన్నా ముందు అడగవలసింది ఏమిటి అంటే, నలుగురిలో చర్చించి తేల్చిన జవాబు మన ముందు ఉండదు. ఆ జవాబును తయారు చేసుకునే పద్ధతి గురించి నా అభిప్రాయం చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఉండే దక్షిణ శివారు ప్రాంతం 2011లో నగరంలో విలీనమైంది. కొంతకాలం క్రితం మా ఏరియా సభ, అంటే వార్డులో ఒక భాగంలో ఉండేవారు తమ అవసరాలు చెప్పుకునే సమావేశం, ఒక పాఠశాల గదిలో జరిగింది. పిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని ముప్పై మందిమి కూర్చున్నాం. ఒక యువకుడు పొడవాటి నోటుపుస్తకంలో మేం చెప్పినవన్నీ వరుస సంఖ్యలు వేసి రాసుకున్నాడు. 14వది వెలగని వీధి దీపం, 15వది కుక్కల బెడద. నెల్లూరు నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న మా ఎదురింటి పెద్దావిడ లేచి, సగం తెలుగులో సగం తమిళంలో, మా వీధికి ఇంతవరకూ భూగర్భ మురుగు కాలువ రాలేదని, తొట్టి నిండినప్పుడల్లా లారీ పిలిపించి డబ్బు కట్టవలసి వస్తోందని చెప్పారు. అది 16వ సంఖ్య అయింది. ఆ మూడింటినీ ఒకదాని కింద ఒకటిగా, ఒక్కొక్క వరుసలో ఆ పుస్తకంలో చూసినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. దీపం మార్చడం కార్పొరేషన్ సిబ్బందికి ఒక పూట పని. మురుగు కాలువ వేయవలసింది రాష్ట్ర చట్టంతో ఏర్పడిన వేరే సంస్థ. దాని మీద మా కౌన్సిలర్‌కు గానీ కార్పొరేషన్ కౌన్సిల్‌కు గానీ అధికారం లేదు. రెండూ ఒకే పుస్తకంలో పడినందువల్ల రెండోది ఎవరికీ సొంతం కాకుండా పోయింది.

చెన్నైలో ఇలాంటివి చాలా ఉన్నాయి. కూవం, అడయారు నదులూ బకింగ్‌హాం కాలువా రాష్ట్ర జలవనరుల శాఖవి. కార్పొరేషన్ తవ్వించిన వాననీటి కాలువలు చివరికి వాటిలోనే కలవాలి. నగర ప్రణాళిక రాష్ట్రం కింద ఉన్న చెన్నై మహానగర అభివృద్ధి సంస్థది, సిటీ బస్సులు రాష్ట్ర ప్రభుత్వ సంస్థవి. రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చి, నగరపాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను 12వ షెడ్యూలులో చేర్చింది. కానీ 243డబ్ల్యూ అధికరణం ఆ అధికారాలను శాసనసభ ‘ఇవ్వవచ్చు’ అన్నది, ‘ఇచ్చి తీరాలి’ అనలేదు. కాబట్టి నగరానికి అధికారమైనా డబ్బైనా శాసనసభ దయతలిస్తేనే వస్తుంది. అడగడం నేర్చుకోవడం తప్ప మనకు వేరే దారి లేదు.

ఆ అడిగే దారి కూడా ఇక్కడ ఇరుకే. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ స్థానిక సంస్థల ఎమ్మెల్సీలు ఉంటారు. కార్పొరేటర్ల ఓటుతో గెలిచిన మనిషి ఒకరు చట్టసభలో నిలబడి మాట్లాడగలరు. తమిళనాడులో శాసనమండలి 1986లోనే రద్దయింది. ఇక మిగిలింది శాసనసభ్యులే. చెన్నై జిల్లా లెక్కలో 16 నియోజకవర్గాలు ఉన్నాయి. తిరువొత్తియూరు, మాధవరం, అంబత్తూరు, మధురవాయల్, ఆలందూరు, శోళింగనల్లూరు నియోజకవర్గాల భాగాలు కూడా కార్పొరేషన్‌లో ఉన్నందున వాటినీ కలిపితే మొత్తం 22. ఈ 22 మంది ఒక్క గొంతుతో అడగవలసిన విషయాలు ఏవో వారికి చెప్పవలసిన బాధ్యత కౌన్సిల్‌ది.

2022లో అప్పటి ముఖ్యమంత్రి రాష్ట్రంలోని 234 మంది శాసనసభ్యులకూ లేఖలు రాసి, నియోజకవర్గంలో చాలాకాలంగా తీరని అవసరాలు పదింటిని వరుసక్రమంలో రాసి కలెక్టరుకు ఇవ్వమన్నారు. అడిగిందల్లా రాయకుండా పదింటికే పరిమితం చేయడం, వాటిలోనూ ముందువెనుకలు తేల్చమనడం నాకు ఎంతో నచ్చాయి. కానీ ఈ పద్ధతిలో చెన్నై నుంచి వెళ్లేవి 22 విడి విడి జాబితాలు, మొత్తం 220 కోరికలు. అడయారు నది ఏ ఒక్క నియోజకవర్గంలోనూ పుట్టి అక్కడే ఆగిపోదు. 2015 వరదలూ 2023 డిసెంబరు నాటి మిచౌంగ్ తుపానూ నియోజకవర్గాల సరిహద్దులు చూసుకుని రాలేదు. అందరిదీ అయిన పని ఎవరి పదింటిలోనూ మొదటిది కాలేదు.

ఒక్క అవసరాన్ని ఎంచుకుని పట్టుబట్టిన చరిత్ర ఈ కార్పొరేషన్‌కు ఉంది. పిట్టి త్యాగరాయ చెట్టిగారు అధ్యక్షులుగా ఉండగా, 1920 సెప్టెంబరు 16న, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ పాఠశాలలో పిల్లలకు రోజుకు తలా ఒక అణాకు మించని ఖర్చుతో ఫలహారం పెట్టాలని కౌన్సిల్ ఆమోదించింది. ఆ ఖర్చుకు పై ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో 1925లో అది ఆగిపోయి, 1927లో మళ్లీ మొదలైంది. తర్వాతి కాలంలో ఈ రాష్ట్రమంతటా బడి పిల్లల కడుపు నింపిన పథకాలకు మూలం నగర కౌన్సిల్‌లో జరిగిన ఆ చిన్న తీర్మానమే. త్యాగరాయ నగర్‌లో తిరిగే తెలుగువారిలో ఎందరికి ఈ సంగతి గుర్తుందో!

అమెరికాలో టెక్సాస్ శాసనసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో, సాధారణంగా 140 రోజులకు మించకుండా సమావేశమవుతుంది. అందుకని ఆ రాష్ట్ర రాజధాని ఆస్టిన్ నగర కౌన్సిల్ తాను శాసనసభ నుంచి ఏం కోరుతోందో, వేటిని వ్యతిరేకిస్తోందో సమావేశాలకు ముందే ఆమోదించి పెట్టుకుంటుంది. సియాటిల్ నగరం ఏటా ఇదే పని చేస్తుంది. ఆ పత్రాన్ని ఎవరైనా చదవవచ్చు. మనకు అంత హంగు అక్కర్లేదు గానీ, సభకు ముందే రాసి పెట్టుకునే అలవాటు కావాలి.

ఏటా డిసెంబరులోగా కౌన్సిల్ ఈ ఒక్క అంశం కోసం ప్రత్యేక సమావేశం జరపాలని నా కోరిక. సాధారణ సమావేశాల్లో పదుల కొద్దీ తీర్మానాలు వచ్చిపోయే హడావుడిలో దీన్ని కలపకూడదు. కార్పొరేషన్ తన సొంత సిబ్బందితో, సొంత డబ్బుతో చేయగల పనిని రాష్ట్రం దగ్గరికి మోసుకెళ్లడం మొదట మానాలి. అలా చేస్తే మన బద్ధకాన్ని మనమే చాటుకున్నట్టవుతుంది. చట్టం మారితే తప్ప, మరో శాఖ కదిలితే తప్ప, రాష్ట్రం నిధి ఇస్తే తప్ప కానివి మాత్రమే తీసుకుని, వాటిలోనూ ఎక్కువ వార్డులకు సంబంధించినవాటిని, ఆలస్యం చేసిన కొద్దీ ప్రాణనష్టమో ఖర్చో పెరిగేవాటిని ముందు పెట్టాలి. ఐదుకు మించి ఉండకూడదని నా పట్టుదల. ఏ కౌన్సిలర్ దేనికి ఓటేశారో నమోదు కావాలి. 22 మంది శాసనసభ్యులనూ ఆ రోజు కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమైన రిప్పన్ భవనానికి పిలవాలి, బడ్జెట్ సమావేశాలు ముగిశాక ఎవరు ఏది సభలో ప్రస్తావించారో కౌన్సిల్ ముందు పెట్టాలి.

ఒక భయం మాత్రం ఉంది. జాబితా చిన్నదైన కొద్దీ గొంతు పెద్దదైనవారిదే అందులో చేరుతుంది. ఉత్తర చెన్నైలో తరతరాలుగా పారిశుద్ధ్య పనిలో ఉన్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తెల్లవారకముందే చీపురు పట్టుకుని బయలుదేరేవారు పగటిపూట జరిగే ఏరియా సభకు ఎలా వస్తారు? వారి వీధుల్లో ఈ సభలను సాయంత్రం జరపాలి, తెలుగులో చెప్పినా రాసుకోవాలి. అది చేయకుండా తయారైన జాబితాను నగరానిదని నేను ఒప్పుకోలేను.

2016 అక్టోబరు నుంచి 2022 ఫిబ్రవరి దాకా, ఐదేళ్లకు పైగా, ఈ నగరానికి ఎన్నికైన కౌన్సిలే లేదు. ఆ రోజుల్లో నగరం తరఫున అడగండని ఎవరినీ కోరలేకపోయాం. తర్వాత కౌన్సిల్ వచ్చింది గనుక కోరుతున్నాను. మా ఏరియా సభ తదుపరి సమావేశానికి మురుగు కాలువ విషయాన్ని ఆ నోటుపుస్తకంలో 16వ వరుసగా వదిలేయకుండా, విడిగా ఒక కాగితం మీద తమిళంలో రాయించి, వీధిలోని అన్ని ఇళ్లవారి సంతకాలతో తీసుకెళ్తున్నాను. ‘ఇది రాష్ట్రాన్ని అడగవలసినది, కౌన్సిల్ తీర్మానానికి పంపండి’ అని పైన రాయించాను. మొదటి సంతకం మా ఎదురింటి పెద్దావిడది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చెన్నై