లాంకస్టర్ మిత్రులకు మా కృతజ్ఞతలు

మావారు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి నేటికి పది రోజులైంది. ఆరు వారాలపాటు మా కుటుంబాన్ని కాచుకున్న, ఇంగ్లండులోని మా ఊరు లాంకస్టర్ క్వేకర్ మిత్రులందరికీ (క్వేకర్లంటే మౌనంగా కూర్చుని ఆరాధించే ఒక క్రైస్తవ శాఖవారు) మా ఇద్దరి తరఫున చేతులు జోడించి కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. వారికి ఇంగ్లీషులో విడిగా ఉత్తరం రాశాను; వారు చేసినది మనవాళ్ళకూ తెలియాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

పాపను బడి నుంచి తీసుకురావడం, రాత్రి భోజనం గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళడం, నన్ను కారులో ఆసుపత్రికి చేర్చడం వంటివన్నీ వారు వంతులు వేసుకుని చేశారు. శస్త్రచికిత్స జరిగిన రోజున మా అమ్మ వయసున్న ఒకావిడ ఆపరేషన్ థియేటర్ బయట నా పక్కన నాలుగు గంటలు కూర్చున్నారు. ఆవిడ ధైర్యవచనాలు చెప్పలేదు, ప్రార్థన చదవలేదు, నన్ను ఏమీ అడగలేదు. ట్రాలీలు వస్తూ పోతూ ఉండగా, ఫినాయిల్ వాసన నిండిన ఆ నడవాలో, చిన్నప్పుడు మా ఊరి గుడిలో హారతి వేళ మనసు ఎలా నిలిచేదో అలాగే నిలిచింది. చెప్పులు విడిచి అడుగుపెట్టే చోటే పవిత్రమని నమ్ముతూ పెరిగినదాన్ని కనుక ఆ అనుభవం నన్ను చాలా రోజులు వెంటాడింది.

తరువాత ఆ మౌనం గురించి ఆవిడను అడిగితే, 1652లో క్వేకర్ శాఖకు ఆద్యుడైన జార్జ్ ఫాక్స్ ఫర్‌బ్యాంక్ ఫెల్ అనే కొండమీద ఒక బండ దగ్గర నిలబడి వెయ్యిమందికి పైగా జనంతో మాట్లాడిన సంగతి చెప్పారు. చర్చి ఉండగా కొండమీద బోధించడమేమిటని కొందరు వృద్ధులు ఆ చర్చిలోకే వెళ్ళి కిటికీల్లోంచి చూశారట. చర్చి కట్టడమూ అది నిలిచిన నేలా ఆ కొండకన్నా పవిత్రమైనవేమీ కావని ఆయన వారికి వివరించాడు. తరువాతి కాలంలో ఆయనను బంధించిన చోట్లలో మా లాంకస్టర్ కోట కూడా ఒకటి. వీరు ఆరాధనకు కూడే మీటింగ్ హౌస్‌లో బలిపీఠం, నీటి బాప్తిస్మం, రొట్టె ద్రాక్షరసం లేకపోవడానికి కారణం నాకు అప్పుడు అర్థమైంది: జీవితమంతా దైవస్పర్శకు తగినదే అయినప్పుడు కొన్ని క్రియలను మాత్రమే వేరుచేసి పెట్టనక్కరలేదని వారి నమ్మకం. ఆదివారం గంటసేపు మౌనంగా కూర్చుంటారు, లోపలి ప్రేరణ కలిగినవారు లేచి నాలుగు మాటలు చెబుతారు, చివరకు ఒకరితో ఒకరు కరచాలనం చేసి ముగిస్తారు. రైల్వే స్టేషన్ గోడ పక్కనే ఉన్నా, ఆ రైళ్ళ సందడిని ఆరాధనకు అడ్డుగా వారు భావించరు.

నేను ఇంట్లో దీపం పెట్టడం మానలేదు, మానమని వారూ ఒక్కనాడు అనలేదు. అందుకూ వారికి రుణపడి ఉన్నాను.

వచ్చే ఆదివారం మౌనారాధన తరువాత టీ కప్పులు కడిగే వంతుకు మా ఇద్దరి పేర్లూ రాయించాను. ఆయన ఇంకా ఎక్కువసేపు నిలబడలేరు కనుక, నేను కడిగి ఇస్తే కూర్చుని తుడుస్తానన్నారు.