టికెట్‌పై గంటలు, గాలిలో గంటలు

సంపాదకులకు,

హైదరాబాద్–దుబాయ్ ప్రయాణ సమయంపై చాలామంది పొరబడుతున్నారు. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశమార్గాన నేరుగా కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. టికెట్‌పై ఉదయం 10 గంటలకు బయలుదేరి 12.30కి చేరుతుందని ఉంటే, అది రెండున్నర గంటల ప్రయాణం కాదు, నాలుగు గంటలది. రెండూ స్థానిక సమయాలే. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక నడుస్తుంది. తిరుగు ప్రయాణంలో ఆ గంటన్నర తీసేయాలి.

రానూపోనూ ఒకే సమయం పట్టదు కూడా. చలికాలంలో పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు గాలులు బలంగా వీస్తాయి. దుబాయ్ వెళ్లేటప్పుడు, గంటకు 830 కి.మీ. వేగంతో వెళ్లే విమానానికి గంటకు 100 కి.మీ. ఎదురుగాలి తగిలితే ఆ దూరానికి మూడున్నర గంటలు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే రెండుముప్పావు. రన్‌వేకి వెళ్లడం, దిగడానికి వరుసలో ఆగడం దీనికి అదనం. అందుకే దూరాన్ని వేగంతో భాగించి లెక్క వేసుకుంటే తప్పుతుంది.

అన్నిటికన్నా నష్టం చేసేది తేదీ. 15వ తేదీ 00.40 (అంటే అర్ధరాత్రి దాటాక 12.40) అని ఉంటే 14వ తేదీ రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. కరీంనగర్, జగిత్యాల నుంచి వచ్చేవారు రోడ్డుకే నాలుగైదు గంటలు ఉంచుకోవాలి.

గల్ఫ్ టికెట్లు అమ్మే ఏజెంట్లు ప్రయాణ సమయాన్ని, ఇంటి నుంచి బయలుదేరాల్సిన తేదీని తెలుగులో రాసి ఇవ్వాలి.

– ఒక పాఠకుడు, కరీంనగర్