బోర్డు సరే, కరెంటు మాటేమిటి?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంట్లో రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టుకుని, తనంతట తనే కొని అమ్మే ట్రేడింగ్ బాట్ నడుపుకోవచ్చని మీ పేపర్లో రాశారు, నిజమే. వంద వాట్ల డెస్క్‌టాప్ రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంచితే నెలకి 72 యూనిట్లు కాలుతుంది, అయిదు వాట్లతో నడిచే ఈ బోర్డుకి నాలుగు యూనిట్లు కూడా అవ్వవు. మా విజయనగరంలో కుర్రాళ్లు ఇప్పటికే ఫ్రీక్‌ట్రేడ్ అనే ఉచిత బాట్‌ని డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే విడి డబ్బాలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) వేసి క్రిప్టోకి నడుపుతున్నారు.

కానీ కరెంటు సంగతి మీరు ఎత్తనే లేదు. వేసవి సాయంత్రం గాలివాన మొదలైందంటే లైను తీసేస్తారు, అప్పటికే బాట్ ఏదో కాయిన్ కొనేసి ఉంటుంది, ధర ఇంతకు పడితే అమ్మేయమనే స్టాప్‌లాస్ బాట్ లోపలే ఉంటే బోర్డు ఆగిన క్షణం నుంచి అది లేనట్టే, ధర ఎంత పడినా అమ్మే నాథుడుండడు. స్టాప్‌లాస్‌ని ఎక్స్ఛేంజీలోనే ఆర్డరుగా పెట్టే సెట్టింగ్ ఉంది, అన్ని ఎక్స్ఛేంజీలకీ పనిచేయదు. ముందు అది చూసుకోవాలి, స్ట్రాటజీ గొడవ తర్వాత.

రూటర్ యూపీఎస్ ఉంది కదా అంటారు. మామూలుగా అందులోంచి వచ్చేది 12 వోల్టులు, రాస్‌ప్‌బెర్రీ బోర్డుకి కావాల్సింది 5, తిన్నగా తగిలించి కాల్చుకోకండి బాబూ. రాస్‌ప్‌బెర్రీ పై 4 మోడల్లో బ్యాటరీ గడియారం కూడా లేదు, కరెంటు రాగానే పాత టైముతో లేస్తుంది, నెట్ నుంచి టైము సరిచేసుకునేలోపు ఆ తప్పు టైముతో పంపిన ఆర్డర్లను ఎక్స్ఛేంజీ తిప్పికొట్టొచ్చు. ఇక మెమరీ కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడవుతాయి, అందుకే బాట్ తన లావాదేవీలు రాసుకునే డేటాబేస్‌ని కంటైనర్ బయట, ఎస్‌ఎస్‌డీలోని ఫోల్డర్లో ఉంచాలి. లోపలే వదిలేస్తే కంటైనర్ తీసేసి కొత్తది వేసిన రోజున తనేం కొన్నదో బాట్‌కే తెలీదు.

షేర్లకైతే ఇంకో చిక్కు. సెబీ 2025 ఫిబ్రవరి సర్క్యులర్ ప్రకారం ఏపీఐ ఆర్డర్లు, అంటే ప్రోగ్రామ్ నేరుగా బ్రోకర్‌కి పంపేవి, బ్రోకర్ దగ్గర నమోదైన స్టాటిక్ ఐపీ (మారని నెట్ అడ్రస్) నుంచే వెళ్లాలి, ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్‌కి మామూలుగా అది రాదు, విడిగా డబ్బు కట్టాల్సిందే.

బాట్‌తో సహా అన్నీ ముందే వేసి అమ్మే రెడీమేడ్ పెట్టెలంటే మాత్రం నాకు భయం. లోపల వేసిన సాఫ్ట్‌వేర్‌లో ఏముందో కొన్నవాడికి తెలీదు, మన ఖాతాకి తాళంచెవి లాంటి ఏపీఐ కీ మాత్రం దాని చేతిలో పెట్టేస్తాం. కీ తీసుకునేటప్పుడు కనీసం విత్‌డ్రా పర్మిషన్ ఆపేయమని రాయండి. ఈసారి వ్యాసం వేస్తే డ్రై రన్ గురించీ నాలుగు ముక్కలు చెప్పండి, అసలు డబ్బు పెట్టకుండా ఒక నెల నడిపితే మన కరెంటూ నెట్టూ ఎన్నిసార్లు దెబ్బకొట్టాయో లాగ్‌లోనే కనిపిస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయనగరం