చిమ్మటలనూ లెక్కలోకి తీసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

దేశంలో సీతాకోకచిలుకలు దాదాపు 1,300 జాతులైతే, రాత్రిపూట దీపాల చుట్టూ తిరిగే చిమ్మటలు (మాత్‌లు) సుమారు 10,000 ఉన్నా, మన కెమెరాలన్నీ పగటి రంగులకే అంకితమవుతున్నాయి. మహదేవపూర్ దసలి (టసర్) పట్టు కూడా నల్లమద్ది ఆకు మేసే ఒక చిమ్మట గొంగళిపురుగు అల్లినదే కదా! అమ్రాబాద్ వంటి అడవుల్లో చీకటి పడ్డాక తెల్లని దుప్పటి కట్టి, దీపం పెట్టి, వాలిన ప్రతి జాతినీ ఫొటో తీసి, తేదీ, స్థలం, చుట్టుపక్కల చెట్ల పేర్లతో సహా నమోదు చేయాలి. స్థలం రాయని ఫొటో ఎంత అందంగా ఉన్నా సర్వేకు కొరగాదు. ఫొటోతో తేలని జాతులకు పట్టి భద్రపరచిన కీటకాల నమూనాలు కావాలి, వాటికి అనుమతులూ కావాలి. ఈ వానాకాలం నుంచే అటవీశాఖ హైదరాబాద్ కళాశాలల జంతుశాస్త్ర విద్యార్థులకు ఆ అవకాశం కల్పించాలని, జాబితాలను తెలుగులోనూ ప్రచురించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, హైదరాబాద్